"ఆమె ఏం పని చెయ్యది" అని రాసుకునే ముందు

బాబూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎం.ఏ. ప్రాజెక్టు కోసం తెలంగాణలోని నేత పట్టణం సిరిసిల్లలో మగవాళ్లు ఏ పనుల్లో ఉన్నారు, ఆడవాళ్లు ఏ పనుల్లో ఉన్నారు అని లెక్క తీయాలి. జనగణన పట్టికలు తిరగేస్తే పట్టణాల్లో ఆడవాళ్లు చాలా కొద్దిమందే పని చేస్తున్నట్టు కనిపిస్తోంది, ఊళ్లో తిరిగితే మాత్రం అలా అనిపించడం లేదు, రెండిట్లో ఏది నమ్మాలి అని. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆ చుట్టుపక్కల బడుల్లో టీచర్‌గా పనిచేశాను. 1991, 2001, 2011 మూడు జనగణనలకూ ఎన్యూమరేటర్‌గా ఇల్లిల్లూ తిరిగాను. ఇది నా మనసుకు దగ్గరి విషయం, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపికగా చదువు.

ముందు అంకెల సంగతి చూద్దాం. 2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణాల్లో మగవాళ్లలో 53.8 శాతం, ఆడవాళ్లలో 15.4 శాతం మంది పనివాళ్లు. పల్లెల్లో ఆడవాళ్లది 30 శాతం. ఇది పసిపిల్లలు, ముసలివాళ్లతో సహా మొత్తం జనాభాలో వాటా. ఇంకోపక్క 2017-18 నుంచి జరుగుతున్న పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే, అంటే కేంద్రం చేసే ఉపాధి సర్వే ఉంది. అందులో 15 ఏళ్లు, ఆపైన ఉన్న ఆడవాళ్లలో శ్రామికశక్తిలో ఉన్నవాళ్లు మొదటి ఏడాది 23.3 శాతం, 2023-24కు 41.7 శాతం. పని వెతుక్కుంటున్నవాళ్లు కూడా ఇందులో కలుస్తారు. ఈ రెండు రకాల అంకెల్నీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టొద్దు, చాలామంది పిల్లలు చేసే పొరపాటు అదే. ఆ పెరుగుదలలో కూడా ఎక్కువ భాగం పల్లెల్లో, సొంత పనుల్లో, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా సాయపడేవాళ్లలో వచ్చింది. అందుకే ఆ ఆడవాళ్లంతా కొత్తగా పనిలో చేరారా, లేక ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇప్పుడు లెక్కకు ఎక్కిందా అన్న ప్రశ్న దగ్గర కొంచెం ఆగు. నీ ప్రాజెక్టుకు అసలు ప్రశ్న అదే అని నా అభిప్రాయం.

2001లో నాకు పడిన బ్లాకులో ఒక ఇల్లు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. గుమ్మంలో ఇంటాయన నిలబడ్డాడు. పేర్లు, వయసులు, చదువులు అన్నీ ఆయనే చెప్పాడు. మీ ఆవిడ ఏం పని చేస్తుంది అని అడిగితే "ఏం పని చెయ్యది మేడం, ఇంట్లనే ఉంటది" అన్నాడు. ఆయన వెనకే, అరుగు మీద ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. తల ఎత్తలేదు, వేళ్లు ఆగలేదు. ఇంకా చాలా ఇళ్లు మిగిలి ఉన్నాయన్న టెన్షన్‌లో నేను "ఇంటి పనులు" అని రాసుకుని పక్కింటికి వెళ్లిపోయాను. రాత్రి షెడ్యూళ్లు సరిచూసుకుంటుంటే ఆ చాట కళ్లముందు కదిలింది. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆయన సాంచాల (మరమగ్గాల) మీదికి పోయాడు, ఆమె ఒక్కతే ఉంది. ఈసారి పని చేస్తావా అని అడగలేదు, రోజుకు ఎన్ని చేస్తావమ్మా అని అడిగాను. "వెయ్యి చేస్త" అంది, వెంటనే. ఎన్నేళ్ల నుంచి అంటే "పెండ్లి కాకముందు నుంచి" అంది. ఆ ఒక్క షీటే కాదు, అంతకుముందు రెండు రోజుల్లో తిరిగిన ఇళ్లన్నీ మళ్లీ తిరిగాను. ఎన్ని ఇళ్లలో నా రాత మార్చాల్సి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే 1991లో నేను అలా వెనక్కి వెళ్లి చూడలేదు.

నియమాల్లో లోపం లేదు, గమనించు. 1991 జనగణన నుంచే ప్రశ్నలో జీతం లేకుండా ఇంటి పొలంలోనో ఇంటి వ్యాపారంలోనో చేసే పని కూడా పనే అని స్పష్టంగా చేర్చారు. ఇంట్లోనే నడిచే బీడీ పనికి కుటీర పరిశ్రమ అని వేరే వర్గమే ఉంది. చిక్కంతా మాట దగ్గర వస్తుంది. మన ఊళ్లలో పని అంటే గడప దాటి పోయి చేసేది. ఇంట్లో కూర్చుని చేసేది ఎంత డబ్బు తెచ్చినా "ఉత్తగ కూసోకుండ చేస్తున్న" అనే అంటారు, చేసే ఆమె కూడా అదే అంటుంది. జవాబు చెప్పేది ఎక్కువగా మగవాళ్లు, అడిగేవాళ్లకు తొందర. ఈ రెండూ కలిసి ఒక ఊళ్లో సగం పనిని కాగితం మీద నుంచి తుడిచేస్తాయి.

ఇక సిరిసిల్లలో ఈ విభజన ఎలా వచ్చిందో చెప్తాను. సాంచాలు మగవాళ్లవి, బీడీలు ఆడవాళ్లవి అని ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్తారు, ఎప్పటినుంచో అలాగే ఉన్నట్టు. అలా లేదు. గుంటమగ్గం ఇంట్లో ఉన్న రోజుల్లో నేత ఇంటిల్లిపాది పని. మగ్గం గుంటలో కూర్చునేది ఎక్కువగా మగాయన, నూలు విప్పేది, కండెలు (అడ్డనూలు చుట్టిన పుల్లలు) చుట్టేది, గంజి పెట్టేటప్పుడు చెయ్యి వేసేది ఆడవాళ్లు, పిల్లలు. అప్పట్లో "ఆమె ఏం పని చెయ్యది" అని అనడం ఎవరికీ అంత సులువు కాదు, ఎందుకంటే ఆమె చుట్టిన కండె లేకుంటే ఆయన నాడె (మగ్గంలో కండెను అటూఇటూ మోసుకెళ్లేది) కదలదు. మరమగ్గం వచ్చాక, అంటే సాంచె వచ్చాక, పని ఇల్లు వదిలి షెడ్డుకు పోయింది. పన్నెండు గంటల షిఫ్టు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. చెవులు దిమ్మెక్కే చప్పుడు, ఒక్కడే అరడజనుకు పైగా సాంచాలు చూసుకోవాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా ఆడవాళ్లను ఫ్యాక్టరీలో పని చేయించకూడదు అనేది. చిన్న షెడ్లు చాలావరకు ఆ చట్టం కిందికే రావు, అయినా ఫలితం ఒకటే, రాత్రిపూట షెడ్డులో ఆడమనిషి ఉండదు. షిఫ్టు వంతుల వారీగా మారే చోట రాత్రి రాలేనివాళ్లకు పగలు కూడా పని దొరకదు. అలా సాంచె మగవాళ్లదైపోయింది. ఆడవాళ్లకు మిగిలింది కండెల పని, అది అన్నిటికంటే తక్కువ కూలి పని.

ఇందులో ఒంటి బలం ప్రసక్తి లేదు అని నేను గట్టిగా చెప్తాను. దానికి రుజువు ఊరి పక్కనే ఉంది. పెద్దూరు దగ్గర రెడీమేడ్ బట్టలు కుట్టే అపారెల్ పార్కులో కరెంటు కుట్టు మిషన్ల మీద కూర్చున్నది ఎక్కువమంది ఆడవాళ్లే. బట్టే, మిషనే, గంటలు గంటలు కదలకుండా చేసే పనే. కాకపోతే అక్కడ పగలు పోయి సాయంత్రం ఇంటికి రావచ్చు. ఎవరు ఏ పనిలో ఉంటారన్నది తేల్చేది ఆ పని జరిగే చోటు, జరిగే వేళ. నీ ప్రశ్నాపత్రంలో ఈ రెండూ లేకపోతే పట్టిక వస్తుంది గాని కారణం దొరకదు.

బీడీ సరిగ్గా ఈ ఖాళీలోకి వచ్చింది. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తూకం వేసి ఇస్తారు, ఇంటికి తెచ్చుకుని ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి అప్పజెప్పాలి. మధ్యలో పొయ్యి మీద అన్నం, ఊయలలో పిల్ల, మంచంలో అత్తగారు. 2019లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది, అంటే దాదాపు ఐదు గంటలు. అదే పని చేసే మగవాళ్లకు 97 నిమిషాలు. 2024లో మళ్లీ చేస్తే 289, 88. ఈ ఐదు గంటలు ముక్కలు ముక్కలుగా రోజంతా పరుచుకుని ఉంటాయి, ఆ ముక్కల మధ్య ఇమిడే పని ఏదో అదే ఆడవాళ్ల పని అయింది. సేట్‌కు, అంటే కార్ఖానా యజమానికి కూడా ఇది లాభమే. షెడ్డు కట్టక్కర్లేదు, కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి ఏవీ చూడక్కర్లేదు, ఆకు తక్కువ పడితే ఆ నష్టం కూడా చుట్టే ఆమెదే. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే గుర్తించింది, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఆమె భర్తకు ఇంట్లో ఉత్తగా ఉన్నట్టు కనిపించినా, చట్టానికి ఆమె కార్మికురాలే.

అలాగని బీడీ కార్డులు లెక్కపెట్టి ఇంతమంది అని తేల్చెయ్యకు. ఒకరి కార్డు మీద ఇంట్లో ముగ్గురు చేస్తారు. అత్త పేరున పీఎఫ్ ఉంటుంది, చేసేది కోడలు. రాష్ట్రం ఇచ్చే బీడీ పింఛను, 2019 నుంచి 2,016 రూపాయలు, కార్డు, పీఎఫ్ ఉన్న ఆమెకే వచ్చింది, వేలు అరిగిన ఆమెకు రాకపోయిన ఇళ్లు నాకు తెలుసు. నా తరగతిలో ఆడపిల్లలు నోట్‌బుక్ తెచ్చి టేబుల్ మీద పెడితే తంబాకు వాసన వచ్చేది. పొద్దున ఆకు కత్తిరించి, బడికి వచ్చి, సాయంత్రం మళ్లీ కట్టలు కట్టేవాళ్లు. జనగణనలో వాళ్లంతా విద్యార్థులు. ముసలి తాతలు కూడా ఆకు కత్తిరిస్తారు, కానీ అడిగితే "నాకేం పనమ్మా, ఖాళీగా కూసున్న" అంటారు, ఎందుకంటే అది ఆడవాళ్ల పని అని పేరు పడింది కదా. అంటే తప్పు లెక్క ఆడవాళ్ల వైపే కాదు, మగవాళ్ల వైపు కూడా ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది, ఇది పుస్తకాల్లో సులువుగా దొరకదు కాబట్టి జాగ్రత్తగా చదువు. జనగణనలో ఏడాదికి ఆరు నెలలు, అంటే 183 రోజులు పని చేస్తేనే ప్రధాన పనివారు, తక్కువైతే ఉపాంత పనివారు. 2011లో ఉపాంతాన్ని మళ్లీ మూడు నెలల లోపు, మూడు నుంచి ఆరు నెలలు అని విడదీశారు. కార్ఖానా నెలకు పద్నాలుగు రోజులే ఆకు ఇచ్చిందనుకో, ఏడాదికి 168 రోజులు. ఆమె పన్నెండు నెలలూ పనిలోనే ఉంది, ఒక్క నెల కూడా మానలేదు, అయినా రోజులు కూడితే ఉపాంతంలోకి జారిపోతుంది. చాలా నివేదికలు ప్రధాన పనివాళ్ల పట్టికే చూపించి ముగిస్తాయి, కాబట్టి ఆమె అక్కడ కూడా కనిపించదు. అదే ఇంట్లో, బట్టకు ఆర్డర్లు లేక సాంచాలు ఆగి నాలుగు నెలలు ఖాళీగా ఉన్న భర్తను అడిగితే "సాంచాల మీద చేస్త" అంటాడు, ప్రధాన పనివాడిగా రాసేస్తారు. 2017 నుంచి రాష్ట్ర ప్రభుత్వం పంచే బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చిన ఏళ్లలో సాంచాలకు పని బాగా దొరికింది, 2024లో ఆ చీరలు ఆగినప్పుడు ఎన్నో ఇళ్లలో ఉప్పు, పప్పు వచ్చింది బీడీల బట్వాడాతోనే (కూలి డబ్బుతోనే). అంతకుముందు, నేత కార్మికుల ఆత్మహత్యలు జరిగిన ఆ చెడ్డ ఏళ్లలో, మిగిలిన కుటుంబాన్ని నిలబెట్టింది కూడా చాలాచోట్ల ఆ చాటే. అందుకే నాకు ఈ లెక్క మీద ఇంత పట్టుదల.

మిగతా ఊరు కూడా చూడు, సాంచాలు, బీడీలే ఊరు కాదు. కిరాణా కొట్టు బోర్డు మీద భర్త పేరు, ఆయన సరుకు కోసం కరీంనగర్ పోయిన రోజు, మధ్యాహ్నం పడుకున్న వేళ గల్లా మీద భార్య. ఆయన వ్యాపారి, ఆమె గృహిణి. లేబర్ ఫోర్స్ సర్వేలో ఇలాంటి ఆమెకు 21 అనే కోడ్ ఉంది, ఇంటి వ్యాపారంలో జీతం లేని సహాయకురాలు అని. ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకు 92. ఈ 21కీ 92కీ మధ్య తేడా అంతా అడిగే మనిషి ఇంకో ప్రశ్న వేశాడా లేదా అన్నదాని మీద ఉంటుంది. మానేరులో చేపలు పట్టేది మగవాళ్లు, గంప పెట్టుకుని అమ్మేది ఆడవాళ్లు. కూరగాయల్లో చిల్లర అమ్మకం ఆడవాళ్లది, కమీషన్ మీద టోకు మగవాళ్లది. కట్టడం పనిలో మేస్త్రి మగాయన, తట్ట మోసేది ఆమె, పదిహేనేళ్లు మోసినా తాపీ ఆమె చేతికి రాదు, కూలి తేడా కూడా అక్కడే మొదలవుతుంది. రోడ్డు మీద షట్టర్ తీసి కుట్టేవాడు టైలర్, ఇంట్లో జాకెట్లు కుట్టే ఆమె "ఏదో కుడుతుంది".

ప్రైవేటు బడుల గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. చిన్న తరగతుల్లో టీచర్లు దాదాపు అంతా ఆడపిల్లలే, డిగ్రీ, బీఈడీ చదివినవాళ్లు. కరస్పాండెంట్ మగాయన, లెక్కలు, సైన్సు చెప్పే సార్లకు ఒక జీతం, వీళ్లకు ఒక జీతం. నీ పట్టికలో వీళ్లంతా ఉపాధ్యాయులు అని ఒకే గడిలో పడతారు. అంగన్‌వాడీ, ఆశా పనులైతే మొదటినుంచీ ఆడవాళ్లకే పెట్టినవి, చేతికి వచ్చేది కూడా జీతం అనరు, గౌరవ వేతనం అంటారు.

ఇక్కడే నీ గైడ్ చెప్పిన సూచిక సంగతి వస్తుంది. మగవాళ్ల, ఆడవాళ్ల వృత్తులు ఎంత వేరువేరుగా ఉన్నాయో కొలవడానికి 1955లో అమెరికా సమాజశాస్త్రవేత్తలు డంకన్ దంపతులు వాడిన భేద సూచిక ఇప్పటికీ అందరూ వాడతారు. ప్రతి వృత్తిలో ఆడవాళ్ల శాతం, మగవాళ్ల శాతం మధ్య తేడా తీసుకుని, గుర్తులు వదిలేసి అన్నీ కూడి సగం చెయ్యాలి. ఊహకు ఒక లెక్క వేద్దాం, ఇవి నిజం అంకెలు కావు. పనిచేసే ఆడవాళ్లు వంద మందిలో బీడీలు 70, నేత 3, మిగతావి 27. మగవాళ్లు వందలో బీడీలు 2, నేత 60, మిగతావి 38. తేడాలు 68, 57, 11, మొత్తం 136, సగం 68. అంటే రెండు వైపులా సమానం కావాలంటే ఆడవాళ్లలో వందకు 68 మంది పని మారాలి. ఇప్పుడు బీడీలు, నేత రెండిట్నీ కలిపి వస్తు తయారీ అని ఒకే గడి చెయ్యి. ఆడవాళ్లు 73, మగవాళ్లు 62. తేడా 11, మిగతావాటిలో 11, మొత్తం 22, సగం 11. అదే ఊరు, అదే మనుషులు, 68 కాస్తా 11 అయిపోయింది. అచ్చయిన పట్టికలు చూసి మీ పట్టణంలో తేడా తక్కువ అని ఎవరైనా అంటే ముందు గడులు ఎంత పెద్దవో చూడు.

దానికి మందు ఒకటే, పరిశ్రమ వేరు, వృత్తి వేరు అని రెండు కాలమ్‌లు పెట్టుకో. పరిశ్రమకు ఎన్‌ఐసీ 2008 (జాతీయ పరిశ్రమల వర్గీకరణ), వృత్తికి ఎన్‌సీఓ 2015 (జాతీయ వృత్తుల వర్గీకరణ) కోడ్‌లు ఉన్నాయి, కానీ ఇంటి దగ్గర కోడ్ వెయ్యకు. వాళ్లు అన్న మాట అన్నట్టే రాసుకో: కండెలు చుడతా, భీములు (నిలువునూలు చుట్టే దూలాలు) నింపుతా, సాంచాలు నడుపుతా, ఆసామి దగ్గర చేస్తా. ఆసామి అంటే సేట్ దగ్గర నూలు తెచ్చుకుని తన సాంచాల మీద కూలికి బట్ట నేయించేవాడు, అతను యజమానా, కూలివాడా అన్నది నువ్వు తర్వాత కూర్చుని తేల్చుకోవాలి. గడప దగ్గర తొందరపడి "టెక్స్‌టైల్స్" అని రాశావంటే ఆ తేడా మళ్లీ దొరకదు.

ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు నువ్వు మగపిల్లవాడివి కాబట్టి మీ క్లాసులో ఒక అమ్మాయిని వెంట తీసుకుపో, లేదా ఆ వాడలో మహిళా సంఘం లీడర్‌తో ముందు మాట్లాడి పో. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మంచి వేళ, అప్పుడు అరుగుల మీద నలుగురైదుగురు కలిసి బీడీలు చేస్తుంటారు, చేతులు ఆపమని అడగకు, వాళ్లు చేస్తూనే చెప్తారు. బీడీలు అప్పజెప్పే రోజు, బట్వాడా రోజు పోవద్దు. పని చేస్తారా అని అడగొద్దు. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పమను, చెప్పింది చెప్పినట్టు రాసుకో, చివర్న దేనికి డబ్బు వచ్చింది, ఎవరి చేతికి వచ్చింది అని అడుగు. ఈ చివరి మాట అడిగేటప్పుడు ఇంట్లో మగవాళ్లు పక్కన లేకుంటే మంచిది. మగవాళ్లను కూడా ఇవే ప్రశ్నలు ఇదే వరసలో అడుగు, ఒకరిని వృత్తి ఏమిటని, ఇంకొకరిని రోజంతా ఏం చేశావని అడిగితే పోల్చడానికి ఏమీ మిగలదు. గల్ఫ్‌లోనో మహారాష్ట్రలోని భివండీలోనో ఉన్న మగవాళ్లను ఆ ఇంటి లెక్కలో కలపకు, వాళ్లు పంపే డబ్బు మాత్రం వేరే రాసుకో.

ఒకే ప్రశ్నాపత్రంతో మొత్తం ఊరు మొదలుపెట్టకుండా ముందు ఒక్క వీధిలో ఇరవై ఇళ్లు చెయ్యి. ఆ ఇరవై ఇళ్లలో మొదట మగవాళ్లు చెప్పిన జవాబు ఒక రంగు పెన్నుతో, తర్వాత ఆమె చెప్పింది ఇంకో రంగుతో రాయి. రెండూ ఎక్కడెక్కడ కలవలేదో లెక్కపెట్టి నాకు రాయి, అది చూశాక మిగతా ఇళ్లకు ప్రశ్నలు ఎలా మార్చాలో కూర్చుని చెప్తాను.